లైనింగులో పదిహేనో కర్ర

కుట్టింది విప్పడం టైలరుకి కొత్త కాదు. నర్సీపట్నంలో అబీద్ సెంటర్ వెనక సందులో ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్నాను. నేను కుట్టి, తిట్లు తిని, మళ్లీ విప్పిన జాకెట్లన్నీ వరసగా పరిస్తే ఊరి చివర పెదబొడ్డేపల్లి దాటుతాయి. ఒక పెళ్లికూతురి జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టాను. ఒక హెడ్మాస్టారి ప్యాంటుకి జేబు పెట్టి, ఆ జేబుకి అడుగు కుట్టడం మర్చిపోయాను. పాపం ఆయన ప్రార్థన వేళ బీరువా తాళాలు జేబులో వేసుకుంటే, అవి కాలి వెంట జారి బూటు మీద పడ్డాయట. ఆయన ఇప్పటికీ నా కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు జేబు తడుముకుంటారు.

ఇవన్నీ నవ్వుకునేవి. నవ్వుకోలేని కుట్టు ఒకటి ఉంది. దాన్ని విశాఖలో, పదిమంది ఆఫీసర్ల ముందు, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని బ్లేడుతో విప్పాను. ఒక్కొక్క దారమే తెగుతుంటే మా అక్క కూతురు గౌతమి నా పక్కన నిలబడి చూస్తోంది. పద్నాలుగేళ్లు ఆ పిల్ల పడిన కష్టం ఉంటుందో పోతుందో ఆ కుట్టు లోపల ఉంది. అక్కడ పెట్టినదాన్ని నేనే.

గౌతమి నాన్న కొండన్న, అంటే మా బావ, నాతవరం వాడు. కుర్రతనంలో విశాఖ గోల్ఫు క్లబ్బులో పదకొండేళ్లు గడ్డి కోశాడు. మోకాలు పాడై ఊరికి తిరిగొచ్చి, తన ఎకరం జీడితోట చూసుకుంటూ నర్సీపట్నంలో కాపురం పెట్టాడు. గోల్ఫంటే మా వాళ్లెవరికీ తెలియదు.

"పెద్దోళ్లు కర్రతో తెల్ల బంతిని కొడతారు. కొట్టి దానెనకాల నడుత్తారు. అలగ పద్దెనిమిది గుంతల్లో ఎయ్యాల. ఎవలు తక్కువ దెబ్బల్లో ఏత్తే ఆలు గెలిసినట్టు" అని బావ చెప్పాడు.

"ఆ నడకేదో బంతి నేకుండా నడిత్తే సరిపోదేటి?" అంది మా అమ్మ సోమలమ్మ.

ఆ ఆటలో కర్రని కూడా క్లబ్బనే అంటారు. క్లబ్బు వాళ్లు పారేసిన ఒక క్లబ్బు తల, తుప్పు పట్టిన ఇనప ముక్క, ఆయన సామాన్లలో ఉండిపోయింది. గౌతమికి ఏడేళ్లప్పుడు దాన్ని పాత పైపు ముక్కకి వెల్డింగు చేయించి, పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టాడు. రెండున్నర అడుగుల కర్ర. పిల్ల పెరిగింది గానీ కర్ర పెరగలేదు. పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ పొట్టి కర్రతోనే ఆడింది కాబట్టి, ఈనాటికీ గౌతమి అందరికంటే ఎక్కువ వంగి నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే నాటు వేస్తోందనుకుంటారు.

జీడితోటలో బావ మూడు బుట్టలు పెట్టేవాడు, దగ్గరొకటి, మధ్యనొకటి, దూరంగా ఒకటి. ఉన్నది ఒక్క కర్ర. దూరం బుట్టకైనా దానితోనే, దగ్గర బుట్టకైనా దానితోనే. పట్టు కిందికి జరిపి, చెయ్యి సగమే ఎత్తి, బంతిని నేల మీద పాకించి, ఎలాగోలా బుట్టని తాకాలి. ఇక గ్రీను, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి చోటు, మా అక్క జోగులమ్మ పేడతో అలికే వాకిలే. మధ్యలో ఒక స్టీలు గ్లాసు పాతారు. వాన నీళ్లు కాలవలోకి పోవడానికి ఆ వాకిలి కాస్త వాలుగా ఉంటుంది. ఆ వాలు మన కంటికి కనపడదు, బంతికి తెలుస్తుంది. అలికిన పూట బంతి మెల్లగా, ఎండిన పూట జర్రున పోయేది.

"అమ్మా, ఇయాల పల్సగా అలుకు" అనేది కూతురు.

"నీ ఆట కోసం నాను పేడ కొలిసి కలపాలేటే? ఎల్లెల్లు" అనేది తల్లి. అంటూనే పల్చగా అలికేది.

వాకిలి నుంచి విశాఖ దాకా ఎలా వెళ్లిందో చెబితే పెద్ద కథ. క్లబ్బులో బావకి పాత పరిచయమున్న పెద్దమనిషి ఒకాయన పిల్ల ఆట చూసి పొద్దుటి పూట ఆడుకోనిచ్చాడు. పదిహేనేళ్లకి రాష్ట్రం జూనియర్ కప్పు, పంతొమ్మిదికి దేశమంతా ఆడే అమెచ్యూర్ పోటీలో రెండో స్థానం వచ్చాయి. కప్పు తెచ్చిన రోజు మా సందులో వాళ్లంతా వచ్చి చూశారు. "టెన్నిసా అమ్మా?" అని అడిగారు. కాదని చెప్పడానికి గౌతమికి ఓపిక లేదు. "ఆఁ" అనేసింది. ఇప్పటికీ మా వార్డులో సగం మందికి అది టెన్నిసే.

ఇరవై ఒకటో ఏట ప్రో అవుతానంది. అమెచ్యూర్లు కప్పుల కోసం ఆడతారు, ప్రోలకి అదే ఉద్యోగం. దానికి మూడు రోజుల పరీక్ష పోటీ ఉంటుంది. ఆ ఏడు విశాఖలోనే పెట్టారు, బావ గడ్డి కోసిన చోటే. అరవై మంది ఆడతారు, మొదటి ఇరవై మందికి కార్డు ఇస్తారు. ఫారం మీద ఒక మాట ఉంది. బావ కళ్లజోడు పెట్టుకుని దాన్ని మా అందరికీ రెండుసార్లు చదివి వినిపించాడు. సంతకం పెట్టాక ఆ పిల్ల ఇక అమెచ్యూర్ కాదు. కార్డు రాకపోతే ప్రో కూడా కాదు. ఆ ఏడాదంతా ఇటు ఆడటానికీ లేదు, అటు ఆడటానికీ లేదు.

"మరాగిపోవాలేటి?" అంది అక్క.

"ఆగిపోతే చెయ్యి పోతాది. ఈ ఆటలో ఏడాది ఆగితే మల్లా మొదలే" అన్నాడు బావ.

గౌతమి ఫారం తన వైపు లాక్కుని సంతకం పెట్టింది. ఆ పెన్ను కూడా నా కొట్టులోదే, కొలతలు రాసుకునేది. సగం పేరు రాసేసరికి సిరా ఆగిపోయింది. విదిలించి మళ్లీ రాసింది. మా అమ్మ అది చూసింది. చూసిందన్న సంగతి నేను చూశాను.

మా అమ్మ గురించి చెప్పాలి. మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త కొడవలి కొంటే మొదటి కోతకి దాన్ని ఒంటరిగా పొలానికి తీసుకెళ్లరు. పాత కొడవలిని కూడా గుడ్డలో చుట్టి గట్టు మీద పెడతారు. లేకపోతే పాతది అలుగుతుందని, కొత్తది పట్టుకున్న చేతిని కోస్తుందని నమ్మకం. దీనికి మా ఇంట్లో సాక్ష్యం ఉంది. మా చిన్నాన్న తాతాజీ వయసులో ఉండగా ఈ మాట నవ్వుతూ కొట్టిపారేసి, కొత్త కొడవలితో ఒక్కడే వెళ్లాడు. ఎడమ చేతి చూపుడు వేలు సగం వరిచేలో ఉండిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరైనా వాదిస్తే మా అమ్మ మాట్లాడదు. చిన్నాన్నని పిలిచి చెయ్యి చూపించమంటుంది.

పోటీకి వారం ముందు అమ్మ బావని అడిగింది. "పిల్ల కొత్త పనికెల్తంది. దాని మొదటి కర్ర కూడా సంచీలో ఎట్టు నాయనా."

"కుదరదత్తా. కర్రలు పద్నాలుగే ఉండాల. ఒకటెక్కువైతే తప్పు."

"కొట్టదు కదా, ఊరికే ఉంటాది."

"ఉండకూడదు" అన్నాడు బావ. తాతాజీ చిన్నాన్నని పిలిచారు. చెయ్యి చూపించాడు. బావ ఆ చెయ్యి చూసి కూడా తల అడ్డంగానే ఊపాడు. మా అమ్మ మాట ఆ ఇంట్లో చెల్లకపోవడం అదే మొదటిసారి. ఆవిడ లేచి, మూలనున్న పాత కర్రకి పట్టిన దుమ్ము కొంగుతో తుడిచింది.

రెండు రోజులయ్యాక మధ్యాహ్నం నా కొట్టుకి వచ్చింది. ఒళ్లో పసుపు గుడ్డ చుట్టిన మూట ఉంది. కర్ర తల దగ్గర గుడ్డ బాగా మందంగా చుట్టి, దారంతో ముడులు వేసింది. అదే రోజు గౌతమి తన క్లబ్బుల బ్యాగు లోపలి లైనింగు చిరిగిందని నా దగ్గర పడేసి వెళ్లింది. సెకండ్ హ్యాండు బ్యాగు. మా అమ్మ బ్యాగు వంక చూసింది, నా వంక చూసింది.

"ఒసే చిట్టీ, ఆ పిల్ల చెయ్యి తెగితే నువ్వు కుడతావేటే?"

నా పేరు చిట్టితల్లి. యాభై ఏళ్లొచ్చినా మా అమ్మ అలా పిలిస్తే నాకు ఆరేళ్లే. పైగా నాకు నేనే ఒక లాజిక్కు చెప్పుకున్నాను. బావ చెప్పింది క్లబ్బుల సంగతి, ఇది క్లబ్బు కాదు, పసుపు గుడ్డలో చుట్టిన కర్ర. బ్యాగు గోడకీ లైనింగుకీ మధ్య దాన్ని నిలువుగా దోపి, మీద నుంచి కుట్టాను. రెండో అంగుళంలోనే మిషను సూది టక్కున విరిగింది. విరిగిన ముక్క ఎక్కడ పడిందో దొరకలేదు. దబ్బనం తీసుకుని మిగతాది చేత్తో కుట్టాను. నా బతుకులో అంత సన్నటి, అంత వరసైన కుట్టు ఎప్పుడూ పడలేదు. పెళ్లికూతురి జాకెట్టుకి పడాల్సిన కుట్టు అది.

బయల్దేరిన పొద్దున తాతాజీ చిన్నాన్న ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వచ్చి, బస్సు కదులుతుంటే ఎడమ చెయ్యే ఊపాడు. ఆ సగం వేలు కిటికీలోంచి చాలా సేపు కనిపించింది.

విశాఖ మధురవాడలో మా చుట్టాలింట్లో ముగ్గురం దిగాం. బ్యాగు మోసేది బావ. గోల్ఫులో మోసేవాణ్ణి కేడీ అంటారు. బరువు మోయడమొక్కటే కాదు, ఆట మొదలయ్యే ముందు క్లబ్బులు లెక్కపెట్టడం కూడా ఆయన పనే. మొదటి రోజు పొద్దున తలల మీద వేలు పెట్టి పైకే లెక్కపెట్టాడు. "పన్నెండు, పదమూడు, పద్నాలుగు." నేను ఆకాశం వంక చూశాను.

"ఏటి నాన్నా, బ్యాగు బరువుగా ఉందా?" అంది గౌతమి.

"మోకాలు బరువమ్మా, బ్యాగు కాదు."

ఆ రోజు ఇద్దరం పిల్ల పరువు తీశాం. బావ గ్రీను దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఒకప్పుడు అక్కడ చెప్పులతో తొక్కితే తిట్టేవారట. నేనైతే వేరే పిల్ల కొట్టబోతుంటే చప్పట్లు కొట్టాను. ఆ పిల్ల ఆగి నా వంక చూసింది. పక్కనున్న ఆవిడ "కొట్టాక కొట్టాలండీ" అని చెవిలో చెప్పింది. అయినా గౌతమి బాగా ఆడింది. సాయంత్రం బోర్డు మీద పేరు ఏడోది. రెండో రోజు ఇంకా బాగా ఆడి నాలుగోదైంది. బావ ముఖం చూస్తే, ఆయన కోసిన గడ్డంతా ఆ రోజే మొలిచినట్టుంది.

నేను కూడా నవ్వుతూనే ఉన్నాను, రెండో రోజు సాయంత్రం నాలుగు దాకా.

వరండాలో ఒక పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. తమిళనాడు పిల్ల. ఏమైందని బావని అడిగాను.

"ఆలెవరో సంచీలో ఇంకో కర్ర మర్సిపోనారట. పదేనయ్యాయి. నాలుగు దెబ్బలు కలిపీసినారు స్కోరుకి."

"ఆ కర్రతో కొట్టిందేటి?"

"నేదు. కొట్టకపోయినా అంతే."

"తెల్దన్నా?"

"తెల్దన్నా అంతే. ఎన్ని రోజులు మోత్తే అన్ని నాలుగులు. అందుకే నాను రోజూ లెక్కెడతాను మరదలా" అని బ్యాగుని ముద్దుగా తట్టాడు. ఆయన చెయ్యి సరిగ్గా నా కుట్టు మీద పడింది.

ఆ రాత్రి నేనెలా ఉన్నానో చెప్పను. పొద్దున్నే లేచి బ్యాగు దగ్గరికి వెళదామంటే బావ దాన్ని తల కింద పెట్టుకునే పడుకున్నాడు. కత్తెర తెచ్చుకోలేదు. పోనీ చెప్పకుండా ఉంటే? ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు, ఇంకొక్క రోజే కదా. నిజం చెబుతున్నాను, ఈ మాట నేను ఒక్కసారి కాదు, ఆటోలో క్లబ్బు గేటు దాకా అనుకుంటూనే ఉన్నాను. గేటు దగ్గర గౌతమి దిగి, బ్యాగు తనే భుజానికి తగిలించుకుంది. తగిలించుకుని ఒక అడుగు వేసి ఆగింది. బరువు ఒక పక్కకి లాగుతున్నట్టు భుజం సర్దుకుంది. అంతే, నా నోరు నా మాట వినలేదు.

చెప్పేశాను. చెట్టు కింద, ఆట మొదలవడానికి గంట ముందు.

గౌతమి అరవలేదు. బ్యాగులో చెయ్యి పెట్టి లైనింగు వెంట వేళ్లు పాకించి, కుట్టు దొరికిన చోట ఆపింది. "ఇంకెవలికి తెలుసు?" అంది.

"అమ్మమ్మకి."

బావ ముఖంలో రక్తం లేదు. "రెండు రోజులూ లెక్కెట్టినాను" అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడిప్పీసి ఆటోలో ఎట్టీసి ఒగ్గీ చిట్టితల్లీ. బేగి. ఎవలూ సూడనేదు" అన్నాడు. పద్నాలుగు కంటే ఒకటెక్కువైతే తప్పని మా అమ్మకే ఎదురు చెప్పిన మనిషి. ఆయన నన్ను చూడలేదు, నేను ఆయన్ని చూడలేదు.

గౌతమి అప్పటికే రిఫరీ గది వైపు నడుస్తోంది.

రిఫరీ నెరిసిన జుట్టు పెద్దావిడ. మా మాట శ్రద్ధగా విన్నారు. బ్యాగు గడ్డి మీద పడుకోబెట్టించి, బ్లేడు తెప్పించి, "మీరు కుట్టారు, మీరే విప్పండి" అన్నారు. చుట్టూ ఆఫీసర్లు చేరారు. అప్పుడు విప్పాను, మొదట్లో చెప్పానే, అలా. నా కుట్టు ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది. చివరి ముడి దగ్గర బ్లేడు జారి నా చూపుడు వేలు తెగింది. ఎడమ చేతిదే. పసుపు గుడ్డ మీద రెండు చుక్కలు పడ్డాయి.

మూట బయటికి వచ్చింది. లోపల ఏముందో కనపడటం లేదు. రిఫరీగారు దాన్ని ముట్టుకోలేదు.

"చూడండమ్మా, ఇది మొక్కు కోసం తెచ్చిన చేతికర్రయితే నాకు అభ్యంతరం లేదు, వెళ్లి ఆడుకోండి. బంతి కొట్టడానికి చేసిందైతే క్లబ్బు కిందే లెక్క. దేవుడి గుడ్డ నేను విప్పను. మీరే చెప్పండి, ఏమిటిది?"

నన్నే అడిగారు. తలుపు బార్లా తెరిచి పెట్టారు ఆవిడ. నేను దూరిపోయాను.

"మా అమ్మ చేతికర్రండీ. మా ఊళ్లో ఆచారమండీ. అంతేనండీ."

బావ నేల చూస్తున్నాడు. రిఫరీగారు కాగితం మీద రాయడానికి పెన్ను ఎత్తారు.

"పిన్నీ, నువ్వూరుకో" అంది గౌతమి. కూర్చుని ముడులు తనే విప్పింది. మా అమ్మ వేసిన ముడులు, పళ్లతో లాగాల్సి వచ్చింది. గుడ్డ తొలగించి ఆ తుప్పు తలని, సైకిలు ట్యూబు చుట్టిన పైపుని రెండు చేతులతో పట్టుకుని లేచింది. "చేతికర్ర కాదు మేడమ్. నా క్లబ్బు. మా నాన్న చేశాడు. అయిదేళ్లు దీంతోనే ఆడాను. దీన్ని ఇంకోటని చెప్పలేను."

వెనక ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. రిఫరీగారు నవ్వలేదు. "రెండు రోజులు. ఎనిమిది" అని రాశారు. నాలుగో పేరు ఇరవై ఏడుకి జారింది. కార్డులు ఇరవయ్యే.

"ఇప్పుడు పదిహేను ఉన్నాయి. ఒకటి తీసేసి వెళ్లు" అన్నారు.

కర్ర అందుకోవడానికి నేను చెయ్యి చాచాను. గౌతమి ఇవ్వలేదు. బ్యాగులోంచి ఐదో నంబరు క్లబ్బు లాగి నా చేతిలో పెట్టింది. పొట్టి కర్రని దాని చోట్లో దింపింది.

"నీకేటి మతి పోనాదా?" అన్నాడు బావ.

"ఎనిమిది దెబ్బలు కలిపారు నాన్నా దీనికోసం. క్లబ్బని ఒప్పుకున్నారు. ఇప్పుడు దీన్నే బయట పెడతామా? ఐదో నంబరు రెండు రోజుల్లో ఒక్కసారి తీశాను. పద."

నా వేలికి గుడ్డ చుట్టుకుని, ఐదో నంబరు చంకలో పెట్టుకుని వాళ్ల వెనకాల నడిచాను. ఆ క్లబ్బు ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ గుర్తు. పదింటికి గాలి లేదు. పన్నెండింటికి సముద్రం వైపు నుంచి లేచింది. మొదటి రెండు రోజులూ ఆడిన చోట్లే, వేరే చోట్లలా మారిపోయాయి. బంతులు పక్కకి కొట్టుకుపోతున్నాయి. మిగతా వాళ్ల స్కోర్లు పెరగడం మొదలైంది. గౌతమి కిందికి వంగి, నేల బారుగా కొడుతోంది. బోర్డు మీద ఇరవై నాలుగు. ఇరవై రెండు. పదిహేడో గుంతకి పంతొమ్మిది. ఆ అంకె చూసి నాకు సంతోషం కలగలేదు. పోగొట్టుకోవడానికి ఇప్పుడు మళ్లీ ఏదో ఉందన్న భయం పట్టుకుంది.

చివరి గుంత. రెండో దెబ్బకి బంతి దగ్గర నిలబడి బావ దూరం చూశాడు. నూట అరవై గజాలు, ఎదురుగాలి. గ్రీనుకి ముందు ఇసక గుంట, వెనక చెరువు. బావ చెయ్యి అలవాటుగా బ్యాగులోకి వెళ్లి, క్లబ్బుల మధ్య వెతికి, ఖాళీ చోట ఆగింది. తర్వాత మెల్లగా తలెత్తి చూసేవాళ్లకి కట్టిన తాడు అవతల ఉన్న నన్ను చూశాడు. నా చంకలో ఉన్నది ఐదో నంబరు. సరిగ్గా ఆ దూరానికి ఉన్నది అదొక్కటే. నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. ఆరో నంబరుతో కొడితే ఇసకలో పడుతుంది, నాలుగో నంబరుతో కొడితే చెరువులో. తాడు దాటి ఆ క్లబ్బు ఇస్తే మళ్లీ పదిహేను.

"ఏటి సేత్తావు?" అన్నాడు బావ. గొంతు నాకు కూడా వినిపించింది.

గౌతమి ఒక్క క్షణం పొట్టి కర్ర తల మీద చెయ్యి వేసింది. దాన్ని తీస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. నాలుగో నంబరు తీసి, పట్టుని కిందికి, ఇంకా కిందికి, ఇనుము తగిలేదాకా జరిపింది. రెండున్నర అడుగులు మిగిలింది. ఏడేళ్ల పిల్లలా వంగింది.

"మధ్య బుట్ట నాన్నా" అంది.

చెయ్యి సగమే ఎత్తి కొట్టింది. బంతి మనిషి ఎత్తు కూడా లేవలేదు. గాలి కింద నుంచి దూరి, ఇసక పక్కన పడి, పాకుతూ పాకుతూ గ్రీను మీదికి ఎక్కి, చెరువు వైపు ఇంకా పోతూ పోతూ ఆగింది. నేను చప్పట్లు కొట్టలేదు. ఒకసారి నేర్చుకున్నాను. అక్కడి నుంచి ఇంకో రెండు దెబ్బలు, మా అక్క వాకిలి వాలు చూసే కళ్లతో.

తర్వాత గంటన్నర బోర్డు ముందు కూర్చోవడం ఆట కంటే ఘోరం. వెనక ఆడేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. పంతొమ్మిది ఇరవై అయింది. ఇంకో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒక్కరు మమ్మల్ని దాటినా చాలు, కార్డు పోతుంది. గౌతమి ఆ పొట్టి కర్ర ఒళ్లో పెట్టుకుని, సైకిలు ట్యూబు గోరుతో గీరుతూ కూర్చుంది. చివరి ముగ్గురూ వచ్చి స్కోరు కాగితాలిచ్చారు. ఒకాయన బోర్డు దగ్గరికి వెళ్లి, ఇరవయ్యో పేరు కింద స్కేలు పెట్టి ఎర్ర గీత గీశాడు. గీత పైన ఆఖరి పేరు మాది. బావ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, సిమెంటు వరండాలో నిలబడి ఏడ్చాడు.

అమ్మకి ఫోను నేనే చేశాను.

"చెయ్యి తెగిందేటే?" అంది, గెలిచిందా అని అడక్కుండా.

"తెగింది. నాది."

"నీదా? అయితే పర్నేదు" అని ఫోను పెట్టేసింది.

ఇది జరిగి ఏడాదిన్నర. గౌతమి ఇప్పుడు ప్రో. నెలకో ఊరు వెళ్లి ఆడుతుంది, పేర్ల జాబితాలో మధ్యలో ఎక్కడో ఉంటుంది, కొన్నిసార్లు పైన. పద్నాలుగు లెక్కపెట్టేది ఇప్పుడు తనే. లెక్కపెట్టే ముందు లైనింగు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడుముతుంది. తను తడిమినప్పుడల్లా నేను పక్కకి తిరుగుతాను. పొట్టి కర్ర నా కొట్టులో మేకుకి వేలాడుతోంది. కొలతలకి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే చేతికర్ర అని చెప్పడం మానేశాను.

పోయిన వారం ఒక కంపెనీ వాళ్లు గౌతమికి కొత్త బ్యాగు నా కొట్టు చిరునామాకి పంపారు. ఎర్రటిది, మీద పిల్ల పేరు కూడా కుట్టి ఉంది, మిషను కుట్టు, తప్పు పట్టడానికి లేదు. మొన్న మధ్యాహ్నం మా అమ్మ కొట్టుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ బ్యాగు వంక చాలా సేపు చూసింది. తర్వాత పాత బ్యాగు వంక చూసింది. అది మిషను కింద ఉంది.

ఆవిడ వంగి, ఎర్ర బ్యాగు లైనింగు వేళ్లతో తడిమింది. నేను లేచి కత్తెర, సూదులు, దబ్బనం అన్నీ డబ్బాలో వేసి, మూత పెట్టి, దాని మీద కూర్చున్నాను.